ఇంటి అడ్వాన్సుకు నగలు అమ్మాలా?

ప్రశ్న: మేము బెంగుళూరులో ఒక్క గది ఇంట్లో ఉంటున్నాం. నాకు రెండో కాన్పు దగ్గరపడింది. అత్తగారు కూడా వస్తున్నారు. చూసిన ఇంటికి అద్దె 18,000. పది నెలల అడ్వాన్సు అడుగుతున్నారు. మావారు నా నగలు అమ్ముదామంటున్నారు. ఏం చెయ్యను?
— ఒక సోదరి

జవాబు: అమ్మకండి. అడ్వాన్సు ఎప్పటికైనా తిరిగివచ్చే సొమ్ము. అమ్మిన నగ తిరిగిరాదు. పది నెలలన్నది ఆ ఊరి పాత ఆనవాయితీ. తక్కువకు ఒప్పుకునేవారూ ఉన్నారు. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం రెండు నెలల అద్దెకు మించకూడదంటుంది. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అది చెల్లుతుంది గనుక దబాయించలేరు గాని, బేరమాడవచ్చు. ఐదు నెలలకు ఒప్పిస్తే 90,000 భారం తగ్గినట్లే.

తక్కినదానికి ముందు మీవారి ఆఫీసులో జీతం అడ్వాన్సుగాని, ఉద్యోగుల పరపతి సంఘంలో అప్పుగాని దొరుకుతుందేమో కనుక్కోండి. చాలకపోతే ఒకటి రెండు నగలు బ్యాంకులో కుదువపెట్టండి. వడ్డీ వ్యాపారి గడప మాత్రం తొక్కకండి.

ఇంటివారికి సొమ్ము చెక్కుగానే ఇవ్వండి. ఖాళీ చేశాక ఎన్నాళ్ళలో తిరిగిస్తారో, రంగులకు ఎంత పట్టుకుంటారో ఒప్పందంలో రాయించండి. బ్యాంకు అప్పు నెలనెలా కొంత తీర్చండి. బిడ్డ మొదటి పుట్టినరోజుకు గాజులు మళ్ళీ మీ చేతికి రావాలి.