ఆకులు నీలమెందుకయ్యాయి?

వార్షికోత్సవాల్లో పుష్పాలంకరణ పోటీ అనగానే పెదవి విరిచే మిత్రులు మన కాలేజీలో చాలామందే ఉన్నారు. "పూలు గుచ్చడమేగా గురూ, అందులో ఆలోచించడానికి ఏముంది?" అంటారు. మొన్నటిదాకా నేనూ ఆ జట్టులోవాణ్ణే. ఇప్పుడు అభిప్రాయం మార్చుకున్నాను. ఎందుకో మనవి చేస్తాను.

అమెరికాలోని బోస్టన్ లలితకళల మ్యూజియంలో 1976లో ఒక వేడుక మొదలయింది. పేరు 'ఆర్ట్ ఇన్ బ్లూమ్'. ఒక్కొక్కరు ఒక్కొక్క కళాఖండాన్ని ఎంచుకుని, దానికి జవాబా అన్నట్టు పూలు అమర్చి పెడతారు. ఇటువంటి వేడుకలు వేరే మ్యూజియాల్లోనూ జరుగుతున్నాయి. పాతకాలపు దుస్తులను చూసి పూలు అమర్చేవాళ్ళూ ఉన్నారు. ఇది చదివాక నాకో సందేహం వచ్చింది. ఆ దుస్తుల బట్ట మన తీరానిదైతే అలంకరణ ఎలా ఉండాలి?

ఇది ఊహకు వచ్చిన ప్రశ్న కాదు. పద్దెనిమిదో శతాబ్దంలో కోరమాండల్ తీరపు అద్దకం బట్టతో కుట్టిన గౌన్లు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. వాళ్ళు దాన్ని 'చింట్జ్' అన్నారు. మన కలంకారీకి అది దగ్గరి చుట్టం. దానిమీద మోజు ఎంత ముదిరిందంటే, అక్కడి నేతగాళ్ళు గగ్గోలు పెట్టగా ఫ్రాన్సు 1686లో నిషేధించింది. ఇంగ్లండు 1700లోనూ, 1720లోనూ చట్టాలు చేసింది.

లైబ్రరీలో ఒక పుస్తకంలో అటువంటి బట్టల ఫోటోలు చూశాను. పూల ఎరుపు నిన్న అద్దినట్టుంది. ఆకులు మాత్రం నీలం! ఇదేదో మనవాళ్ళ చమత్కారం కాబోలు అనుకున్నా. తీరా చదివితే సంగతి వేరు. పటికతో చిరివేరు కలిసి ఇచ్చే ఎరుపు గట్టిది. నీలిమందూ గట్టిదే. ఆకుపచ్చ కోసం నీలం మీద పసుపు రంగు పూసేవారు. ఆ పసుపు వెలుతురుకూ ఉతుకులకూ నిలవలేదు. అది పోయి అడుగున ఉన్న నీలం మిగిలింది.

అందుచేత ఆ గౌను పక్కన పూలు పెట్టేవారు నీలపు ఆకులు వెతక్కూడదనీ, పచ్చని ఆకులే పెట్టాలనీ నా వాదన. "ఉన్నది ఉన్నట్టు చూపించాలి కదా?" అని ఒక మిత్రుడు అడ్డుతగిలాడు. నిజమే, బట్టకు అది వర్తిస్తుంది. దానిమీద మళ్ళీ రంగు వేసే హక్కు ఎవరికీ లేదు. బట్టను ముట్టుకోకుండా, పోయిన రంగును నాలుగు రోజులపాటు గుర్తుచేయగలిగింది పక్కన పెట్టిన పూలకుండీ ఒక్కటే. అయితే తడీ పురుగూ బట్టకు శత్రువులు కనుక మధ్యన అద్దం ఉండి తీరాలి. ఇంకొక్కటి: గౌను తొడుక్కున్న దొరసాని పేరు కొన్నిచోట్ల తెలుస్తుంది గానీ, కలం పట్టినవాడి పేరు సాధారణంగా తెలియదు. పూలకుండీ ముందు పెట్టే చీటీలో అతని ప్రస్తావన తప్పక ఉండాలి.

విద్యార్థి సంఘం పెద్దలకు నా విన్నపం. వచ్చే పోటీలో పాల్గొనే ప్రతివారూ ఒక పాత బట్టను చూసి రావాలని నిబంధన పెట్టండి. సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్ళినా సరే, అమ్మమ్మ ట్రంకుపెట్టె తెరిచినా సరే. అందులో ఏ రంగు పోయిందో, ఎందుకు పోయిందో నాలుగు వాక్యాలు రాసి పూల పక్కన పెట్టాలి. సగం మార్కులు ఆ నాలుగు వాక్యాలకివ్వండి. అప్పుడు పెదవి విరిచేవాళ్ళే ముందుగా పేర్లిస్తారు. నా పేరు ఇప్పుడే రాసుకోండి.