మందులపెట్టెలోని కాయఫలము



గడచిన శ్రావణమున మా యింట జరిగిన యొక పొరపాటును దాచక చెప్పి, పిమ్మట అసలు సంగతికి వత్తుము. మా చిన్నదానికి పడిశము పట్టి వారము దినములైనను విడువలేదు. అత్తగారి మందులపెట్టెలో కాయఫలమని చీటి యంటించిన పొట్లము ఒకటి యుండెడిది. పడిశమునకును దగ్గునకును వైద్యులు వాడు చెక్క యది. విప్పి చూడగా అడుగున చిటికెడు పొడి తప్ప మఱేమియు లేదు. కొనవలెనన్న ఖమ్మము పోవలెను. వానయా, తెఱపి లేదు. అప్పుడు చిన్ననాట తండ్రిగారియొద్ద వల్లించిన అమరము జ్ఞప్తికి వచ్చెను. వనౌషధివర్గమున కట్ఫలమునకు శ్రీపర్ణిక, కుంభి, కైడర్యము మొదలగు పర్యాయపదములు గలవు. కట్ఫలమే కదా కాయఫలము! కుంభిచెట్టు మా యూరి వెనుక అడవిలోనే యున్నది. ఇంక ఖమ్మ మెందుకు? మా విద్యకు మేమే మురిసికొని, కుఱ్ఱవానిని పంపి గుప్పెడు కుంభిపట్ట తెప్పించి, రోటిలో దంచ మొదలిడితిమి.

ఆ వేళకు అడ్డాకుల కట్ట నెత్తిన పెట్టుకొని కోయ అవ్వ వచ్చినది. ఏడాది కొకమాఱైనను ఆమె మా గడప తొక్కక మానదు.

“ఏంది పంతులమ్మా, కుంభిపట్ట దంచుతున్నవు?” అనెను.

“పిల్లకు పడిశము అవ్వా. మందు చేయుచున్నాము.”

“మందా! దీన్ని దంచి మడుగుల ఏస్తే చేపలు మత్తెక్కి తేలుతయి. గంత పసిదానికి పోస్తవా తల్లీ? తీసి అవతల పారెయ్యి.”

మా చేతిలోని రోకలి చేతిలోనే నిలిచిపోయెను. రోలు మూడు నీళ్లు పోసి కడిగితిమి. పిల్ల పడిశము ఆవిరి పట్టినందువలననో, రోజులు నిండినందువలననో తానే తగ్గినది. కాని ఆ దినము మొదలు కాయఫలమన నేమో తెలిసికొనక ఊరకుండ రాదని, మావారిచేత వృక్షశాస్త్ర గ్రంథములు తెప్పించి చదివితిమి. ఈ మాసపు ముచ్చట యదియే.

అమరసింహునిపై నేరము మోపుట మా యుద్దేశము కాదు. కోశము పదముల కొఱకు. పట్టను ఒలుచుకొని వచ్చుటకు కాదు. శ్రీపర్ణి యన్న పేరును వైద్యులు దశమూలములలోని గుమ్మడిటేకునకు వాడుదురు. కైడర్యమన్న కొందఱు కరివేపను చెప్పుదురు. కుంభియని మా యడవివారు పిలుచునది వేఱొక చెట్టు. కొందఱు దానినే దుద్దిప్ప యందురు. ఇట్లు మూడు పేర్లు మూడు చెట్లకు పంచుకొనబడగా, అసలైన కట్ఫలము వీనిలో నేదియు గాక నాలుగవదై యున్నది. గుమ్మడిటేకును, కుంభియు ఖమ్మము మొదలు భద్రాచలము వఱకు గల యడవులలో కనబడును. కరివేప పెరటిలోనే యున్నది. ఆ నాలుగవది మాత్రము ఈ దిక్కున మచ్చునకైనను లేదు.

అది హిమవంతుని చెట్టు. శాస్త్రజ్ఞులు దానిని మిరికా ఎస్కులెంటా యందురు. ఎస్కులెంటా యనగా తినదగినది. కుమారసంభవము చదివిన వారెఱిగిన సరళవృక్షముల నడుమను, ఓకు చెట్ల నడుమను, సుమారు 3,000 మొదలు 7,000 అడుగుల యెత్తున, హిమాలయపు సానువులలోను, తూర్పున ఖాసీ కొండలలోను పెరుగును. గోదావరి యొడ్డున కొలది యడుగుల యెత్తున, వేసవిలో రాళ్లు పగులు ఎండలో నున్న మా నేల దానికి సరిపడదు. ఆకు సదా పచ్చగా నుండును. ఆడుచెట్టు వేఱు, మగచెట్టు వేఱు. ఒంటిగా నిలిచిన ఆడుచెట్టు కాయదు. పూవులకు ఱేకులు లేవు, తేనె యాస లేదు. పుప్పొడిని గాలియే మోసికొని పోవును. వైశాఖ జ్యేష్ఠములందు ఎఱ్ఱని గరుకు పండ్లు గుత్తులుగా పండును. లోన గింజ పెద్దది, పైన గుజ్జు కొంచెము. తీపి పులుపు కలసిన రుచి. కోసిన రెండు మూడు దినములకే చెడిపోవును గనుక ఆ పండు మన వైపు వచ్చుట కల్ల. చెక్క మాత్రమే వచ్చును. కుమావూను, గఢ్వాలు ప్రాంతపువారు దానిని కాఫల్ అని పిలిచి, స్త్రీలును పిల్లలును బుట్టలతో ఏరి నైనితాలు, అల్మోడా వంటి పట్టణముల బాటల ప్రక్క అమ్ముదురు. ఖాసీలు సోఫీ యందురు.

ఆ కొండలలో నొక కథ చెప్పుకొందురు. పేద తల్లి యొకతె తెల్లవారుజామున కాఫల్ పండ్లు బుట్టెడు ఏరి తెచ్చి, కూతురిని కావలి యుంచి, ఒక్కటియు ముట్టవద్దని చెప్పి పనికి పోయెను. మధ్యాహ్నము వచ్చి చూడగా బుట్ట తఱిగి యున్నది. తిన్నావని కోపముతో కొట్టెను. ఆకటితో నున్న పిల్ల ఆ దెబ్బకే ప్రాణము విడిచెను. సాయంకాలము చల్లబడి వాన కురియగా, ఎండకు వాడిన పండ్లు మరల ఉబ్బి బుట్ట యెప్పటివలె నిండెను. తల్లియు ఆ దుఃఖముననే పోయెనట. ఇరువురును పక్షులై, పండ్లు పండినవనియు, తాను రుచి చూడలేదనియు నేటికిని ఆ ఋతువున కూయుదురని అచ్చటివారి నమ్మకము. మా ప్రాంతమున చైత్రమున ఇప్పపూవు ఏరి ఎండబోయు స్త్రీలను చూచునపుడెల్ల ఈ కథ మాకు తలపునకు వచ్చుచున్నది. తట్టెడు పచ్చిపూవు ఎండిన పిమ్మట ఎంతకు దిగునో వారు చూపుతోనే చెప్పగలరు. ఆ లెక్క తెలియని కోడలు క్రొత్తలో ఎన్ని మాటలు పడునో!

కాయఫలపు చెక్కలో మందే కాక రంగును గలదు. 1896లో పెర్కిన్, హమ్మెల్ అను ఇరువురు ఆంగ్ల రసాయనికులు హిందూదేశమునుండి పోయిన ఈ చెక్కనుండియే పసుపు రంగునిచ్చు పదార్థము నొకదానిని వేఱుచేసి, చెట్టు పేరుమీదుగా మిరిసెటిన్ అని నామకరణము చేసిరి. ద్రాక్షలోను, తేయాకులోను, ఇంక నెన్ని కాయగూరలలోనో ఆ పదార్థమున్నట్లు తరువాత తేలినది; పేరు మాత్రము మన చెట్టుదే నిలిచినది.

ఈ కుటుంబపు చుట్టములు దేశదేశములందు గలరు. అమెరికా తూర్పుతీరమున ఇసుకదిబ్బలపై బేబెర్రి యను పొద యున్నది. దాని చిన్నకాయలపై బూడిదవన్నె మైనము పేరుకొని యుండును. కాయలను నీళ్లలో మరగించిన మైనము పైకి తేలును. దానిని తీసి వడగట్టి వత్తులు పోయుదురు. లిన్నేయసు శిష్యుడు పెహర్ కాల్మ్ 1748 మొదలు 1751 వఱకు అమెరికాలో తిరిగి, ఈ వత్తులను గూర్చి వ్రాసెను. పశువుల కొవ్వుతో చేసినవానివలె వేసవిలో తొందరగా వంగిపోవట. ఆర్పినపుడు కంపునకు బదులు పరిమళము వచ్చునట. చలికాలమున సీసాలో ఇప్పనూనె పేరుకొనుట చూచిన మా వైపు గృహిణులకు చెట్టు కొవ్వు గడ్డకట్టుట వింత కాదు. వింత యేమన, ఆ మైనమును తిని అరిగించుకొనగల పిట్ట యొకటి యున్నది. మిర్టిల్ వార్బ్లర్ అను ఆ చిన్నపిట్ట, తన తోడివన్నియు పురుగులు దొఱకక దక్షిణమునకు పోయిన తరువాతను, ఈ కాయల యండతో ఉత్తరముననే చలికాలము గడపును.

ఐరోపా ఉత్తరభాగమున, ఎల్లపుడు నీరు నిలిచి పుల్లబడిన ఊబినేలలలో స్వీట్ గేల్ అను మఱొక చుట్టము నడుమెత్తు పొదయై పెరుగును. ఆకు నలిపిన ఘుమఘుమలాడును. మనము పెట్టెలలో వేపాకు వేసినట్లు అచ్చటి యిల్లాండ్రు చీడ పట్టకుండ దానిని బట్టల నడుమ పెట్టెడివారు. స్కాట్లండులో దోమలవంటి చిన్న యీగలను తోలుటకు వాడుదురు. ఆ పొదలలో ఒక యేడు మగవై పూచినది మఱుయేట ఆడుదై పూయుటయు గలదట. మన పురాణములలో ఇలుని కథ యుండగా మన మాశ్చర్యపడ నక్కఱలేదు.

ఇసుకదిబ్బ, ఊబి, రాతికొండ. ఇన్నిటను ఈ కుటుంబము బ్రదుకుట యెట్లు? రహస్యము వేరులో నున్నది. పెసర, వేరుసెనగ మొక్కలను పెఱికిన వేళ్లపై బొడిపెలు కనబడునని రైతుబిడ్డ లెఱుగుదురు. ఆ బొడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని మొక్క కాహారముగా మార్చి యిచ్చును. మొక్క చేసిన చక్కెరలో అవి పాలు పుచ్చుకొనును. కాయఫలపు కుటుంబమునకును ఇట్టి బొడిపెలు గలవు. కాని లోని జీవి వేఱు. 1886లో బ్రుంఖోర్స్ట్ అను పండితుడు తన గురువగు ఫ్రాంక్ పేరిట దానికి ఫ్రాంకియా యని పేరిడెను. పేరు పెట్టిన తరువాత తొంబది యేండ్లకు పైగా దానిని వేరునుండి విడదీసి గాజుపాత్రలో పెంచుట ఎవరికిని సాధ్యము కాలేదు. 1978లో అమెరికాలో అది సాధింపబడినది. అదియును ఈ కుటుంబపుదే యైన స్వీట్ ఫెర్న్ అను పొద బొడిపెలనుండియే.

ఈ గుణము అన్నిచోట్ల మేలే చేయునని తలపరాదు. అట్లాంటిక్ సముద్రపు ద్వీపములనుండి ఫాయా యను కాయఫలపు జాతిని గడచిన శతాబ్దమునకు ముందటి శతాబ్దాంతమున వలసపోయినవారు హవాయి దీవులకు తీసికొనిపోయిరి. అచ్చటి యగ్నిపర్వతపు క్రొత్తనేలలలో నత్రజని స్వల్పము. ఆ లేమికి అలవడిన చెట్లే అక్కడ పుట్టి పెరిగినవి. ఫాయా వచ్చి నేలను బలియజేయగా, పొరుగుచెట్లకు నీడయు లేక చోటును లేక పోయెను. పండ్లు తిన్న పక్షులు గింజలను మోసినవి. 1961లో అగ్నిపర్వతముల జాతీయవనమున మొదటిమాఱు కనబడిన యీ చెట్టు పిదప వేల యెకరములకు వ్యాపించినది. కోడలు నగలతో వచ్చిన దని సంతోషించిన యింట, పాత కాపురమే కదలిపోయినట్లయినది.

ఫ్రాంకియా నిచ్చే చెట్టును మా ప్రాంతపు పిల్లలకు చూపవలెనన్న హిమాలయము పోనక్కఱలేదు, సరుగుడును చూపవచ్చును. వృక్షశాస్త్రజ్ఞులు సరుగుడును, కాయఫలమును ఒకే గణమున చేర్చినారు. ఇదియు ఈ దేశపు చెట్టు కాదు. వంటచెఱకునకై కోస్తా ఇసుకలలో నాటగా నిలిచినది. భద్రాచలమున కెదుట గోదావరి యీవలి యొడ్డున సారపాకలో 1979లో కాగితపు మిల్లు పని మొదలిడిన తరువాత, ఈ వైపు చేలలో జామాయిలు, సుబాబులుతోపాటు సరుగుడు తోటలును కనబడుచున్నవి. పిల్లలచే ఒక సన్నని పచ్చని పుల్లను తెప్పించి కణుపుకడ విఱిపింపుడు. మనము ఆకనుకొనునది ఆకు కాదు, కొమ్మ. కణుపు చుట్టు పలువరుసవలె కనబడు సన్నని మొనలే దాని యాకులు. తోటవారి సెలవుతో లేతమొక్క వేరును చూచిన అల్లపు కొమ్మువలె గుంపుగా నుండు బొడిపెలు దొఱకును. మా రెండవవాడు ఆ బొడిపెను చూచి చెట్టునకు పుండు లేచినదనుకొని పసుపు తెమ్మనినాడు.

ఇంక పొట్లము సంగతి. పండు ఏటేట వచ్చునది. చెక్క యట్లు కాదు. ఆకులు వండిన యాహారము బెరడు లోపొరగుండ వేళ్లకు దిగును. చుట్టును బెరడు ఒలిచినచో వేళ్లు ఆకటితో చచ్చును, వాని వెనుక చెట్టును చచ్చును. అడవిలో కాయఫలపు గింజ మొలచుటయే యరుదు, పెంకు గట్టిది. పడిపోయిన చెట్టు తావున మఱొకటి వచ్చుట నమ్మకము లేదు. అత్తగారి పొట్లము నిండియున్న కాలమున మేమీ మాట యెఱుగము. ఈమాఱు ఖమ్మము పోయినపుడు మూలికల యంగడిలో కాయఫల మడుగగా, అమ్మువాడు దంచిన పొడిని చూపెను. పొడి యైన తరువాత ఏ చెట్టుదైనను ఒక్కటే వన్నె. ముక్కలు చూపుమంటిమి. చూపినాడు; బయట బూడిదవన్నె, లోన ముదురెఱుపు. చూర్ణము ముక్కునకు సోకిన తుమ్ములు వచ్చుట దీని గుణమని గ్రంథములందున్నది; మేము తుమ్మితిమి గాని, మిరపపొడికిని తుమ్మెదము గనుక దానిని నమ్ముకొనరాదు. ఆయుర్వేద వైద్యులొకరికి చూపి, అవునన్న పిమ్మట చిన్నపొట్లము మాత్రము కొంటిమి. పిల్లలకు వారి మాట లేక ఇచ్చుట లేదు.

రోటిలో దంచగా మిగిలిన కుంభిపట్టను పాఱవేయబోగా అవ్వ వలదని తానే తీసికొన్నది. పూర్వకాలపు జామగితుపాకులకు ఈ పట్టనారతోనే నిప్పువత్తులు పేనెడివారని గ్రంథములలో చూచితిమి. అవ్వకు తుపాకులతో పనిలేదు. గుమ్మమున కూర్చుండి నార చీల్చి, తొడపై పేని, తెగియున్న అడ్డాకుల కట్టకు గట్టిగా ముడివేసి, మా చేత రెండు సోలల బియ్యము కొలిపించుకొని పోయినది.