గుర్రానికి ముందు కళ్లెం

పోయిన నెల ఈ పేజీ ఎందుకు రాలేదని నలుగురైదుగురు గల్లీలోనే ఆపి అడిగారు. నేను షోలాపూర్‌లో లేను. అమెరికాలో డెట్రాయిట్ పక్కన ఉండే మా చిన్నోడి దగ్గరికి పోయి మూడు నెలలు ఉండి వచ్చాను. గిర్నీలో ముప్ఫై ఏళ్లు ఫిట్టరుగా పానా పట్టినవాణ్ని కదా, ఎక్కడికి పోయినా నా కన్ను మిషన్ల మీదికే పోతుంది. అందుకని ఈసారి అక్కడి పాత కార్ల ముచ్చట.

ఆగస్టులో ఒక శనివారం అక్కడ వుడ్‌వర్డ్ అవెన్యూ అనే పెద్ద రోడ్డు మీద పాత కార్ల ఊరేగింపు జరుగుతుంది. 1995లో మొదలైంది. జనం కుర్చీలు తెచ్చుకుని రోడ్డు పక్కన కూర్చుంటారు. నాకైతే మన సిద్ధేశ్వర జాతర గుర్తుకొచ్చింది. 1953లో పుట్టిన షెవ్రొలే కార్వెట్, 1964 ఏప్రిల్‌లో వచ్చిన ఫోర్డ్ ముస్తాంగ్, ఇట్లాంటివన్నీ వరుసగా పోతుంటాయి. ముస్తాంగ్ అంటే అడవిగుర్రం. ముందు జాలీ మీద పరుగెత్తే గుర్రం బొమ్మ ఉంటుంది.

ఈ బండ్లను బాగుచేసేవాళ్లలో రెండు రకాలు. ఒకరు ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే, బోల్టు కూడా మార్చకుండా నిలబెడతారు. ఇంకొకరు పై రూపం అట్లాగే ఉంచి లోపల కొత్త సామాను వేస్తారు. దీన్ని అక్కడ రెస్టోమాడ్ అంటారు. ఏది మార్చాలి, ఏది మార్చకూడదు అన్నదే ఇందులో తెలివి. 1963 కార్వెట్ కూపేకు వెనక అద్దం మధ్యలో పట్టీతో రెండు ముక్కలుగా ఉంటుంది. వెనక సరిగ్గా కనబడదని కొందరు ఆ పట్టీ కోసేసి, తర్వాతి ఏడాది వచ్చిన ఒకే అద్దం పెట్టించారు. ఆ రెండు ముక్కల అద్దం ఆ ఒక్క ఏడాదే వచ్చింది. ఇప్పుడు దానికే గిరాకీ. కోసినవాళ్లు నాలుక కరుచుకున్నారు.

మా చిన్నోడు 1966 ముస్తాంగ్ ఒకటి కొన్నాడు. నేను మొదట చేసిన పని ముందు అద్దం కింద ఉన్న గాలి జాలీలో చెంబుడు నీళ్లు పోయడం. నీళ్లు లోపల కాళ్ల దగ్గర కారాయి. ఆ జాలీ కింద ఆకులు పేరుకుని, తడి నిలిచి, రేకు తుప్పు పడుతుంది. ఈ బండ్లకు అది పాత రోగమే. రంగు చూసి మోసపోయేవాళ్లు ఈ నీళ్ల పరీక్ష చేయరు.

రేకు పని అయ్యాక అసలు పంచాయితీ మొదలైంది. దాని ఇంజను ఆరు సిలిండర్లది, 120 హార్స్ పవర్. వాడికేమో ఫోర్డ్ 2011 ముస్తాంగ్‌లో పెట్టిన ఐదు లీటర్ల వి-8 కావాలి. అది 412 హార్స్ పవర్.

"నాయినా, ముందు ఇంజను దించుదాం. బ్రేకులు వచ్చే ఏడాది చూసుకుందాం" అన్నాడు.

నేను చక్రం విప్పి చూపించాను. ఆరు సిలిండర్ల బండికి చక్రానికి నాలుగే బోల్టులు, అదే వి-8 బండికి ఐదు. వెనక యాక్సిల్ చిన్నది. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే, అవి వేడెక్కితే పట్టు తగ్గుతుంది. బ్రేకు నూనెకు మాస్టర్ సిలిండర్‌లో ఒకటే గది. ఎక్కడ ఒక్క పైపు పగిలినా నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. 1967 నుంచే ముస్తాంగ్‌కు రెండు గదులు వచ్చాయి. ముందు చక్రాల బ్రేకు పోయినా వెనకవి పట్టుకుంటాయి.

అయినా వాడు వినలేదు. అప్పుడు మన చాళీలో మూడో నంబరు ఖోలీ పెద్దనాయన పేరెత్తాను. గిర్నీలో మగ్గాల స్పీడు పెంచాలని మోటార్లకు పెద్ద పుల్లీలు వేయించారు. బ్రేకులు పాతవే. నాడెకు అడ్డంగా ఉండాల్సిన కాపుకడ్డీ విరిగి ఆరు నెలలైంది. రాసి ఇచ్చాం, ఎవరూ పట్టించుకోలేదు. ఒక రాత్రి పాళీలో నాడె ఎగిరొచ్చి పక్క మగ్గం మీదున్న ఆయన కంట్లో తగిలింది. కన్ను పోయింది. ఆ పుల్లీ బిగించింది ఈ చేతులే. పైవాళ్ల ఆర్డరని బిగించాను. ఈ సంగతి చిన్నోడికి అంతవరకు చెప్పలేదు. వాణ్ని భుజాన ఎక్కించుకుని బడికి తీసుకుపోయిన మనిషి ఆయనే.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. మర్నాడు బ్రేకు సామాను తెప్పించాడు.

ముందు రెండు గదుల మాస్టర్ సిలిండర్. తర్వాత ముందు చక్రాలకు డిస్కులు, ముందూ వెనకా పట్టును సమంగా పంచే వాల్వు, పైపులూ రబ్బరు గొట్టాలూ అన్నీ కొత్తవి. రేడియల్ టైర్లు. బండితో వచ్చింది నడుము పట్టీ మాత్రమే, అందుకని భుజం మీదుగా వచ్చే బెల్టులు వేశాం. ఈ బండిలో పెట్రోలు ట్యాంకు పైభాగమే డిక్కీ నేల. దానికీ వెనక సీటుకూ మధ్య ఉన్నది ఉత్త అట్ట. మనవడు కూర్చునేది అక్కడే కాబట్టి ఇనుప రేకు బిగించాం. పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టాం. ఇంజను మాత్రం ఆ పాత ఆరు సిలిండర్లదే.

ఇళ్లలో సాంచాలు నడిపేవాళ్లకూ, పాత మోటారు సైకిళ్లకు పెద్ద ఇంజన్లు ఎక్కించే పిల్లలకూ నేను చెప్పేది ఇదే వరుస. ఆపేది ముందు, కాపాడేది తర్వాత, ఉరికించేది చివర.

ఊరికి రాగానే మూడో నంబరు ఖోలీకి పోయి, ఫోనులో బండి ఫోటో చూపించాను. ఆయన ఉన్న ఒక్క కంటికి దగ్గరగా పెట్టుకుని చూశాడు. ఎంత ధర, ఎంత స్పీడు అని అడగలేదు.

"ఆగుతదా?" అన్నాడు.

"ఆగుతది అన్నా" అన్నాను.