శిక్షణకు ముందు మా అవసరం అడగండి

పాఠశాల విద్యాశాఖ ఉన్నతాధికారులకు,

ప్రతి ఉపాధ్యాయుడూ ఏడాదికి కనీసం 50 గంటలు వృత్తి శిక్షణకు కేటాయించాలని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. గంటల మీద మాకు పేచీ లేదు. ఆ గంటల్లో ఏం నేర్చుకోవాలో మమ్మల్ని అడగకపోవడమే బాధ.

కుప్పం వైపు బడికి రండి. ఇంట్లో తమిళమో కన్నడమో మాట్లాడే పిల్లలు తెలుగు వాచకం ముందేసుకుని కూర్చుంటారు. రెండు తరగతులను ఒకే గదిలో నెట్టుకొచ్చే టీచరమ్మకు కావలసింది ఆ పిల్లలకు చదవడం ఎలా నేర్పాలన్న సాయం. ఆమెకూ, తిరుపతిలో తొమ్మిదో తరగతికి భౌతికశాస్త్రం చెప్పే మాస్టారికీ ఒకే కోర్సు లింకు వస్తే ఎవరికి లాభం? గడువు రోజున ఫోన్‌లో వీడియో నడుస్తుంటుంది, పక్కన నోటుబుక్కులు దిద్దడం సాగుతుంటుంది.

శిక్షణ నమోదు సంగతీ అంతే. దీక్ష ఆన్‌లైన్ వేదికలో కోర్సు ముగిస్తే సర్టిఫికెట్ వస్తుంది. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో సాటి టీచరు చేసి చూపిన భిన్నాల పాఠం, మరునాడే తరగతిలో పనికొచ్చినా, హాజరు పట్టీలో సంతకంగానే మిగులుతుంది. బదిలీ అయితే అదీ వెంట రాదు.

జూన్‌లో బడి తెరవగానే ప్రతి టీచరూ ఆ ఏడాది తాను నేర్చుకోవలసినవి రెండు మూడు రాసిచ్చే ఏర్పాటు చేయండి. కార్వేటినగరంలోని జిల్లా విద్యా శిక్షణ సంస్థ (డైట్) వాటిని చూశాకే శిక్షణలు ఖరారు కావాలి. నేర్చుకున్నదీ, తరగతిలో చేసి చూసిందీ ఒకే ఖాతాలో, జిల్లా మారినా వెంట వచ్చేలా ఉండాలి. ఆ ఖాతా చూసి మెమోలు ఇవ్వబోమని ఉత్తర్వులోనే రాయండి. లేకుంటే తనకు రానిదేమిటో ఎవరూ రాయరు.

ఇట్లు,
చిత్తూరు జిల్లా ప్రభుత్వ ఉపాధ్యాయురాలు