ఇంకొక్క ఏడాది ఇద్దాం... కానీ ఎవరి ఏడాది?

మా ఒమాహాలో నవంబరు వచ్చిందంటే రెండు పనులు తప్పవు. ఒకటి, గరాజ్‌లో మంచు పార ఎక్కడ పెట్టామో వెతుక్కోవడం. రెండోది, ఫుట్‌బాల్ కోచ్‌ని ఉంచాలా పీకాలా అని వాదించుకోవడం. మొదటిది పది నిమిషాల్లో తేలిపోతుంది. రెండోది ఆఫీసులో, మంగలి షాపులో, ఆఖరికి గుళ్ళో పులిహోర కలుపుతూ కూడా నడుస్తూనే ఉంటుంది.

ఫుట్‌బాల్ అంటే మన దగ్గర కాలితో తన్నేది కాదండోయ్. కోడిగుడ్డులాంటి బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తేది. అందులోనూ ఇది కాలేజీ పిల్లల ఆట. నెబ్రాస్కా రాష్ట్రానికి పెద్ద ప్రొఫెషనల్ జట్టంటూ ఏదీ లేదు. ఉన్నదల్లా లింకన్‌లోని యూనివర్సిటీ జట్టు, కార్న్‌హస్కర్స్. 1962 నుంచీ వాళ్ళ స్టేడియంలో, జనాన్ని రానిచ్చిన ప్రతి ఆటకీ టిక్కెట్లన్నీ అమ్ముడైపోతూనే ఉన్నాయి. నేను 2012లో ఎమ్మెస్ చెయ్యడానికి లింకన్‌లో దిగిన కొత్తలో ఒక శనివారం కూరగాయలకని బయటికొస్తే ఊరు ఊరంతా ఎర్రచొక్కాలే. ఏదో జాతర కాబోలనుకున్నా. పెద్దగా పొరబడలేదు లెండి.

సరే, విషయానికొస్తాను. ఈ వాదనల్లోకెల్లా పెద్దది స్కాట్ ఫ్రాస్ట్ గురించి జరిగింది. ఆయన లింకన్‌లోనే పుట్టాడు. 1997లో ఇదే జట్టు జాతీయ చాంపియన్ అయినప్పుడు క్వార్టర్‌బ్యాక్ ఆయనే. తర్వాత కోచ్ అయ్యి, 2017లో ఫ్లోరిడాలోని యూసీఎఫ్ జట్టుని ఒక్క ఓటమీ లేకుండా 13 ఆటలు గెలిపించాడు. ఆ డిసెంబరులో ఇక్కడికి తీసుకొస్తే, పెళ్ళై వెళ్ళిన ఆడపడుచు పండక్కి పుట్టింటికొచ్చినంత సంబరం. ఏడేళ్ళకి 3.5 కోట్ల డాలర్ల ఒప్పందం.

తర్వాతేమైందంటే, 2018లో 4 గెలుపులు, 8 ఓటములు. 2019లో 5-7. కోవిడ్ పుణ్యమా అని కుదించిన 2020 సీజన్లో 3-5. 2021 నవంబరు మొదటి వారం అయ్యేసరికి 3-7. అప్పుడు మొదలైంది అసలు రచ్చ: ఈయనకి ఇంకో సీజను ఇవ్వాలా, వద్దా?

మా టీములో ఒక పెద్దాయన ఉండేవారు. పశ్చిమాన మొక్కజొన్న పండించే కుటుంబం. ఆయన వాదన ఓపిక. "టామ్ ఆస్బోర్న్‌ని చూడు. 1973లో కోచ్ అయ్యాడు. ఓక్లహోమా చేతిలో వరసగా ఐదేళ్ళు ఓడాడు. అప్పుడే తరిమేసుంటే మూడు చాంపియన్‌షిప్పులు ఎక్కడివి?" అనేవారు. దానికి తోడు ఫ్రాంక్ సోలిచ్ ఉదంతం. 2003లో 9-3 తో ఉన్న సోలిచ్‌ని చాలదని పంపించేశారు. తర్వాత వచ్చిన కాలహాన్ నాలుగేళ్ళలో 27 గెలిచి 22 ఓడాడు. పెలీనీ ఏడేళ్ళూ ఏటా కనీసం తొమ్మిది గెలిస్తే ఆయన్నీ పంపేశారు. రైలీ మూడేళ్ళలో 19-19. "తొందరపడి చేసుకున్న పాపం ఇది" అని పెద్దాయన తీర్పు.

హైదరాబాదు నుంచి వచ్చిన ఇంకో మిత్రుడు డెక్కన్ చార్జర్స్‌ని తెచ్చాడు. 2008లో 14 ఆటల్లో రెండే గెలిచి అట్టడుగున ఉన్నారు, 2009లో కప్పు కొట్టారు, చూశావా అని. చూశాను గానీ, ఆ రెండేళ్ళ మధ్య కెప్టెనూ మారాడు, కోచ్ కూడా మారాడు. వాడు ఆ ముక్క చెప్పలేదు, నేనూ అడగలేదు. ఎందుకంటే నేనూ ఆ పక్షమే.

నా వాదన లెక్కల వాదన. చదివింది కంప్యూటర్ సైన్సు కదా, ఆ మాత్రం పొగరు ఉంటుంది. అప్పటికి ఓడిన ఏడు ఆటల్లో ఒక్కదాంట్లో కూడా తేడా 9 పాయింట్లు దాటలేదు. మిషిగన్ మీద మూడు పాయింట్లు, మిషిగన్ స్టేట్ మీద అదనపు సమయంలో మూడు. ఇంత దగ్గరి ఆటలంటే బొమ్మా బొరుసే, ఈ ఏడాది బొరుసులన్నీ మనకే పడ్డాయి, వచ్చే ఏడాది సరిపోతుంది అని వైట్‌బోర్డు మీద గీసి మరీ చూపించాను. మిగిలిన రెండూ కూడా అలాగే పోయి సీజను 3-9 తో ముగిసింది. తమాషా ఏమిటంటే, 12 ఆటల పాయింట్లూ కూడితే మనవే 63 ఎక్కువ!

నవంబరు 8న యూనివర్సిటీ నిర్ణయం చెప్పింది. ఫ్రాస్ట్ ఉంటాడు. కానీ జీతం ఏడాదికి 50 లక్షల డాలర్ల నుంచి 40 లక్షలకి తగ్గుతుంది. మధ్యలో తీసేస్తే ఇవ్వాల్సిన పరిహారం 2022 అక్టోబరు 1 దాటాక కోటిన్నర నుంచి సగానికి పడిపోతుంది. మా పక్షం గెలిచిందని పెద్దాయనా నేనూ కాఫీ తాగాం.

ఇక్కడ మీకొక నిజం చెప్పాలి. నేను ఆ మనిషి కోసం వాదించలేదు. నా కోసం వాదించుకున్నాను.

ఆ రోజుల్లో నేనొక బీమా కంపెనీ ప్రాజెక్టుకి లీడ్‌ని. పాత మెయిన్‌ఫ్రేం మీదున్న క్లెయిముల డేటా అంతా కొత్త సిస్టంలోకి మార్చాలి. సెప్టెంబరులో ఒక శనివారం రాత్రి ప్రయత్నించాం. అంతా బానే నడిచి, ఆఖర్న పాత లెక్కా కొత్త లెక్కా సరిచూసే దగ్గర తేడా వచ్చి, తెల్లవారుజామున మూడింటికి వెనక్కి తిప్పేశాం. అక్టోబరులో మళ్ళీ. మళ్ళీ అదే చోట. "95 శాతం అయిపోయిందండీ, కొంచెంలో పోయింది" అని క్లయింటుకి చెప్పాను. డిసెంబరులో నా కాంట్రాక్టు పొడిగించాలా వద్దా అన్నది వాళ్ళ ముందున్న ప్రశ్న. హెచ్‌1బీ వీసా మీద ఉన్నవాడికి ఆ ప్రశ్న అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు కదా. ఉద్యోగం పోతే 60 రోజులు. పిల్లాడు అప్పుడే కిండర్‌గార్టెన్‌లో చేరాడు. అందుకని 'కొంచెంలో ఓడిపోయినవాడికి ఇంకో చాన్సివ్వాలి' అన్న సిద్ధాంతం నాకు ప్రాణప్రదం.

క్లయింటు మేనేజరు మంచివాడు. మూడు నెలలు పొడిగించాడు, ఫిబ్రవరి ఆఖరు దాకా. ఆ తేదీ అందరికీ తెలుసు. ఆ మర్నాటినుంచీ టీములో నా మాట పలచబడింది. ఏదైనా పెద్ద మార్పు చెబితే "ఫిబ్రవరి తర్వాత చూద్దాం" అనేవాళ్ళు. నేనేమో ఏదో ఒకటి చేసి చూపించెయ్యాలన్న ఆత్రంలో, ఒక్కో రాష్ట్రం డేటా విడివిడిగా మార్చాలనుకున్నవాణ్ణి కాస్తా జనవరిలో అన్నీ ఒకేసారి మార్చేద్దామన్నాను. రిహార్సల్ కూడా మానేశాను, టైము లేదని. ఆదివారం మధ్యాహ్నానికి మళ్ళీ వెనక్కి. ఈసారి ఎవరూ నన్నేమీ అనలేదు. అనకపోవడంలోనే సమాధానం ఉంది. కాంట్రాక్టు పొడిగించలేదు. 47వ రోజున ఇంకో ఉద్యోగం దొరికింది. ఆ 47 రోజులూ మా ఆవిడ నన్ను ఒక్కసారి కూడా 'ఏమైంది' అని అడగలేదు. ఇప్పటికీ ఆ రుణం తీర్చుకోలేదు.

2022 ఆగస్టు 27. సీజను మొదటి ఆట ఐర్లండ్‌లోని డబ్లిన్‌లో, నార్త్‌వెస్ట్రన్ మీద. మూడో క్వార్టర్లో మనం 28-17 ఆధిక్యంలో ఉన్నాం. ఉన్నట్టుండి ఫ్రాస్ట్ ఆన్‌సైడ్ కిక్ ఆడించాడు. అంటే బంతిని దూరంగా కొట్టి అవతలివాళ్ళకి అప్పజెప్పకుండా, దగ్గర్లోనే కొట్టి మనమే లాక్కోవాలని చూడ్డం. సాధారణంగా ఓడిపోతున్నవాళ్ళు చేసే పని. బంతి నార్త్‌వెస్ట్రన్ చేతికి పోయింది, ఆట 31-28తో వాళ్ళదైంది. టీవీ ముందు కూర్చున్న నాకు ఒళ్ళు జలదరించింది. ఆధిక్యంలో ఉన్నవాడికి ఆ ఆత్రం ఎక్కణ్ణుంచి వస్తుందో నాకు బాగా తెలుసు. అది నా జనవరి రిలీజే.

సెప్టెంబరు 10న సొంత స్టేడియంలో జార్జియా సదరన్ చేతిలో 45-42తో ఓడారు. ఆ స్టేడియంలో 35 పాయింట్లు, ఆపైన చేసిన 214 ఆటల్లో అంతకుముందు ఒక్కసారీ ఓడలేదట. మర్నాడే ఫ్రాస్ట్‌ని తీసేశారు. ఇంకో మూడు వారాలు ఆగితే 75 లక్షల డాలర్లు మిగిలేవి. ఆగలేకపోయారు. మొత్తం లెక్క 16-31.

ఇప్పుడు నా అభిప్రాయం. 2021లో నేను తప్పు. పెద్దాయనా తప్పే. ఎందుకో చెబుతాను.

మొదటిది, కొంచెంలో ఓడిపోవడం ఒకసారి జరిగితే దురదృష్టం. ఎనిమిది పాయింట్లలోపు తేడాతో తేలిన ఆటలు ఫ్రాస్ట్ హయాంలో 27 ఉంటే గెలిచినవి 5. నాణెం 27 సార్లు ఎగరేస్తే 22 సార్లు బొరుసే పడితే నాణేన్ని అనుమానించాలి గానీ గాలిని కాదు. ఒకే బగ్ ప్రతి రిలీజులోనూ వస్తుంటే దాన్ని 'బ్యాడ్ లక్' అనే ప్రోగ్రామర్ని మనం ఉంచుకుంటామా? నేనైతే నన్నే ఉంచుకునేవాణ్ణి కాదు.

రెండోది, ఆస్బోర్న్ పోలిక చెల్లదు. ఆయన ఓక్లహోమాకి ఓడిన ఆ ఐదేళ్ళలోనూ ఏ సీజన్లో 9 గెలుపులకి తగ్గలేదు. సోలిచ్ పోలికా అంతే. తొమ్మిది గెలిచినవాణ్ణి తీసేసి తప్పు చేశాం కాబట్టి మూడు గెలిచినవాణ్ణి ఉంచుకుందామంటే, పాలు తాగి నోరు కాల్చుకున్న పిల్లి మజ్జిగ చూసినా భయపడినట్టు. పాత తప్పుకి భయపడి కొత్త తప్పు చేశారు.

మూడోది, ఇవ్వదలిస్తే పూర్తిగా ఇవ్వాలి, లేదా మర్యాదగా పంపెయ్యాలి. జీతం కోసి, మెడకి తేదీ కట్టి ఇచ్చే అవకాశం అవకాశం కాదు. ఆ మనిషి ఆ తేదీ కోసం ఆడతాడు, ఆట కోసం ఆడడు. అనుభవం మీద చెబుతున్నాను.

నాలుగోది నాకు చాలా ఆలస్యంగా తట్టింది. "ఇంకొక్క ఏడాది ఇద్దాం" అని ఉదారంగా అంటామే, ఆ ఏడాది ఎవరిది? మనకి యాభై సీజన్లలో ఒకటి. ఆడే పిల్లలకి నాలుగింటిలో ఒకటి. 2018లో చేరి నాలుగేళ్ళు ఇక్కడే ఆడిన కుర్రాడు ఒక్క బౌల్ గేమ్ కూడా చూడకుండా వెళ్ళిపోయాడు. 2016 తర్వాత మళ్ళీ ఆ అర్హత వచ్చింది 2024లోనే. వాళ్ళనెవరూ అడగలేదు.

నా పాత టీములో పని చేసిన తమ్ముడొకడు మొన్నామధ్య కనిపించాడు. కొత్తగా వచ్చిన లీడ్ మొదట చేసిన పని, ఆ ఆఖరి రెండు గంటల పనినే నాలుగుసార్లు రిహార్సల్ చేయించడమట. మే నెలలో డేటా మొత్తం మారిపోయిందట. నేను మొదటి ఇరవై గంటల్నీ రోజూ పరీక్షించేవాణ్ణి, అవి బాగా నడిచేవి కాబట్టి. వెళ్తూ వెళ్తూ వాడు నవ్వుతూనే, "అన్నా, మా పాప పుట్టిన మొదటి నెల నేను ఒక్క శనివారం రాత్రీ ఇంట్లో లేను" అన్నాడు. నాకు దొరికిన ఆ మూడు నెలల పొడిగింపుకి బిల్లు ఎవరు కట్టారో అప్పుడు తెలిసింది.

ఓపిక వద్దని నేననడం లేదు. తర్వాత వచ్చిన మాట్ రూల్ మొదటి ఏడాది 5-7 తో ముగిస్తే ఎవరూ గొడవ చెయ్యలేదు, రెండో ఏడాది 7-6 తో బౌల్ గేమ్ గెలిచాడు. ఫ్రాస్ట్ చెడ్డవాడనీ అనడం లేదు. 2024 డిసెంబరులో యూసీఎఫ్ ఆయన్ని మళ్ళీ పిలిచింది. ఒకచోట కుదరనివాడు ఎక్కడా పనికిరాడని కాదు. నేనూ ఇంకోచోట బానే ఉన్నాను.

అడగాల్సింది 'ఇతను అర్హుడా' అని కాదనిపిస్తుంది. మనవాడు, మంచివాడు, కష్టపడ్డాడు అనుకుంటే అందరూ అర్హులే. నిరుడు ఎక్కడ ఓడాడో ఇప్పుడూ అక్కడే ఓడుతున్నాడా? అది మార్చడానికి ఏం చేస్తానంటున్నాడు? ఈ మాత్రం అడిగితే చాలు.

పెద్దాయన రిటైరయ్యారు. అయినా నవంబరు వస్తే ఫోన్ చేస్తారు. ఆయన వాదన మారలేదు, "ఇంకొక్క ఏడాది చూద్దామయ్యా" అనే. నేను మాత్రం వైట్‌బోర్డు జోలికి పోవడం లేదు.