చప్పట్లు మనవి, కెమెరా ఎవరిది?



2023లో 'నాటు నాటు'కి ఆస్కార్ వస్తే మనమూ స్టేటస్‌లు పెట్టుకున్నాం. హీరో పేరు భీమ్, సరే. మాట మాత్రం తెలుగే కదా!

2015లో గ్వాటెమాలా సినిమా 'ఇష్కనుల్' బెర్లిన్‌లో సిల్వర్ బేర్ గెలిచింది. తీసింది మాయా ఆదివాసుల కక్చికెల్ భాషలో. హీరోయిన్ ఆ జాతి అమ్మాయే.

రాటర్‌డామ్ ఫెస్టివల్ వాళ్ల హ్యూబర్ట్ బాల్స్ ఫండ్ ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా డైరెక్టర్లకు స్క్రిప్ట్ దశలోనే డబ్బిస్తుంది. ప్రోత్సాహమంటే అదీ! తీశాక కప్పే శాలువా, తీయడానికే పైసల్లేని మన పిల్లలకు ఎప్పుడు అందాలి?

గద్దర్ అవార్డులైనా, నందులైనా, గోండీ, కోయ, కొలామీ, సవర స్క్రిప్టులకు ముందే నిధి ఇవ్వాలని గట్టిగా అడుగుదాం. మన గూడెం బాధ వేరేవాళ్ల మెడల్ కావడం ఇక చాలు.