తీగ తెంపితే జబ్బు పోతుందా?

కారు ముందు భాగంలో, రేడియేటరును ఆనుకొని ఒక ఫాను ఉంటుంది. ఇంజను బాగా వేడెక్కినప్పుడు తిరగడం, వేడి తగ్గగానే ఆగిపోవడం దాని పని. ఒక్కోసారి అది ఆగదు. పొద్దున్నే తాళం తిప్పిన క్షణం నుంచీ రొద పెడుతూనే ఉంటుంది. కొన్ని కార్లలో తాళం తీసేసినా తిరుగుతూ, తెల్లారేసరికి బ్యాటరీని కాస్తా ఖాళీ చేసి పెడుతుంది. అప్పుడు చాలాచోట్ల జరిగేది ఏమిటంటే, ఫాను తీగ తెంపి, మధ్యలో ఒక స్విచ్చి పెట్టి, దాన్ని డ్రైవరు చేతికి అందేట్టు బిగిస్తారు. ‘ముల్లు పైకి పోతే వేసుకో, లేకపోతే ఆపుకో’ అంటారు. రొద ఆగుతుంది. ఖర్చు కొంచెమే. కారు బాగుపడిందని అందరూ సంతోషిస్తారు.

జ్వరం చూసే థర్మామీటరును పగలగొట్టి, జ్వరం తగ్గిందని సంతోషించడానికీ దీనికీ నాకు పెద్ద తేడా కనిపించదు.

ముదినేపల్లి వైపు వెళ్లినవారికి ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. గుడివాడకూ కైకలూరుకూ మధ్య ఉన్న ఊరు అది. 2022 ఏప్రిల్ నుంచి ఏలూరు జిల్లాలో ఉంది. అటు కొల్లేరు దాకా ఎటు చూసినా చేపల చెరువులూ, రొయ్యల చెరువులూ. రొయ్యల చెరువుల్లో నీళ్లు చిమ్ముతూ తిరిగే చక్రాలు చూసే ఉంటారు. వాటినే ఏరియేటర్లు అంటారు. రాత్రిపూట నీటిలోని నాచుకు ఎండ ఉండదు కనుక అది ప్రాణవాయువును ఇవ్వదు సరికదా, తానే పీల్చుకుంటుంది. అందుకని తెల్లవారుజాముకు నీటిలో ప్రాణవాయువు బాగా తగ్గుతుంది, చక్రాలు తిరగాలి. ఇప్పుడు ఒక చెరువులో చక్రాలు మిట్టమధ్యాహ్నం కూడా ఆగకుండా తిరుగుతున్నాయనుకోండి. రైతు ఏం చేస్తాడు? కరెంటు తీగ కోసేస్తాడా? నిజంగానే ప్రాణవాయువు తగ్గిందా, కొలిచే మీటరు తప్పు చెబుతోందా, లేక స్విచ్చే అతుక్కుపోయిందా అని చూస్తాడు. చెరువు దగ్గర ఇంత జాగ్రత్తగా ఉండే మనం కారు దగ్గరకు వచ్చేసరికి ఎందుకు తొందరపడతామో తెలియదు.

అసలు ఈ ఫాను ఎందుకు వచ్చింది? 2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడరు కారులో ఫానును ఇంజనే బెల్టుతో తిప్పేది. ఇంజను తిరిగినంతసేపూ అదీ తిరిగేది. కాబట్టి ‘ఫాను ఆగడం లేదు’ అనే ఫిర్యాదే లేదు. 1983 చివర్లో వచ్చిన మారుతీ 800లో ఇంజనును అడ్డంగా అమర్చారు. దాని ఇరుసు రేడియేటరు వైపు చూడదు. అందుకని ఫానుకు విడిగా ఒక కరెంటు మోటారు పెట్టారు. మోటారు పెట్టాక, దానికి ఎప్పుడు తిరగాలో చెప్పేవాళ్లు కావాలి కదా! ఇక్కడినుంచే కథ మొదలు.

ఈ వ్యవహారంలో వార్త చెప్పేది ఒకటి, ఆజ్ఞ ఇచ్చేది ఒకటి, పని చేసేది ఒకటి. వార్త చెప్పేది నీటి వేడిని కనిపెట్టే సెన్సారు. ఆజ్ఞ ఇచ్చేది, ఈనాటి కార్లలో, ఇంజను కంప్యూటరు. అది రిలే అనే చిన్న విద్యుదయస్కాంతపు స్విచ్చి ద్వారా ఫానుకు కరెంటు పంపుతుంది. ఇవన్నీ సక్రమంగా ఉండి, నీరు నిజంగానే మరీ వేడిగా ఉన్నా ఫాను ఆగదు. అంటే ఒకే రొదకు నాలుగు కారణాలు ఉండవచ్చు. తీగ తెంపినవాడు నాలుగింటినీ ఒకే గోతిలో పూడ్చిపెట్టాడన్నమాట.

అన్నిటికన్నా ముందు ఏసీ ఆపి చూడాలి. ఏసీ నడుస్తుంటే రేడియేటరు ముందున్న కండెన్సరుకు కూడా గాలి కావాలి కనుక ఫాను తిరగడం సహజమే. ఇది తెలియక మంచి కారుకు వైద్యం చేయించినవాళ్లూ ఉన్నారు. కొన్ని కార్లలో బండి ఆపాక కూడా కొన్ని నిమిషాలు ఫాను తిరుగుతుంది, అదీ జబ్బు కాదు. రాత్రంతా తిరిగితే మాత్రం రిలేను అనుమానించాలి. దానిలోని రెండు లోహపు మొనలు నిప్పురవ్వలకు కరిగి అతుక్కుపోతాయి. రిలేను పీకగానే ఫాను ఆగి, దాని స్థానంలో అలాంటిదే మంచి రిలే పెట్టినప్పుడు ఫాను మామూలుగా నడిస్తే దొంగ దొరికినట్టే. చిన్న కారు ఫాను 10 ఆంపియర్లు తీసుకుంటుందనుకుంటే, 35 ఆంపియర్-అవర్ల బ్యాటరీ ఎన్ని గంటలు నిలుస్తుందో మీరే లెక్క కట్టండి.

ఇక సెన్సారు సంగతి. నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. పాత పద్ధతి కార్లలో రేడియేటరు దగ్గర ఉండేది ఒట్టి స్విచ్చి. వేడికి లోపల మూసుకుంటుంది, ఫాను తిరుగుతుంది. అది మూసుకున్నట్టే బిగుసుకుపోతే ఫాను ఆగదు. దాని తీగలు ఊడదీస్తే వెంటనే ఆగుతుంది. కొత్త కార్లలో ఉండేది థెర్మిస్టరు. వేడి పెరిగేకొద్దీ దాని విద్యుత్ నిరోధం తగ్గుతుంది. చాలా కార్లలో 20 డిగ్రీల దగ్గర సుమారు 2,500 ఓములు, 80 డిగ్రీల దగ్గర సుమారు 300 ఓములు ఉంటుంది. దీని తీగలు ఊడదీస్తే ఏమవుతుంది? చాలా కార్లలో ఫాను ఆగకపోగా తిరగడం మొదలుపెడుతుంది! వార్తాహరుడు మాట్లాడటం మానేశాడు, ఏం ప్రమాదం జరుగుతోందో తెలియదు, ఎందుకైనా మంచిది తిరుగుతూ ఉండు అని కంప్యూటరు ఆజ్ఞ ఇస్తుందన్నమాట.

చూశారా? చేసిన పరీక్ష ఒకటే. ఒక కారులో ఫాను ఆగింది, మరో కారులో తిరిగింది. రెండిటికీ అర్థాలు వేరు. లోపల ఏముందో తెలియకుండా తీగలు లాగి చూసినవాడికి ఈ పరీక్ష ఏమీ చెప్పదు, సరికదా తప్పుదారి పట్టిస్తుంది కూడా. ‘తీగ తీసినా తిరుగుతోంది, కాబట్టి సెన్సారు మంచిదే’ అని తేల్చేసి, కంప్యూటరు మార్చమనే మేధావులు లేకపోలేదు.

చెరువుల మధ్య తిరిగే బండ్లకు తడి ఎక్కువ తగులుతుంది. సెన్సారు తీగలు కలిసే చోట రాగికి పచ్చగా చిలుము పడుతుంది. చిలుము పట్టి తీగ అంటకపోతే, సెన్సారు ఊడిపోయిందని కంప్యూటరు అనుకుంటుంది. ఉప్పునీరు చేరి రెండు మొనల మధ్య దొంగదారి ఏర్పడితే అది సెన్సారుకు సమాంతరంగా కలిపిన నిరోధం అవుతుంది. మొత్తం నిరోధం తగ్గుతుంది, చల్లని నీరు కూడా వేడిగా ‘కనిపిస్తుంది’. పదో తరగతిలో శ్రేణి సంధానం, సమాంతర సంధానం అని బట్టీ పట్టేది ఇదే. సెన్సారు కొనేముందు ఆ మొనలను తుడిచి, ఆరబెట్టి చూస్తే పైసా ఖర్చు ఉండదు.

సెన్సారు నిజమే చెబుతూ ఉంటే? అప్పుడు ఫానుకు దండం పెట్టాలి. అది తిరగబట్టే ఇంజను బతికి ఉంది. నీరు తగ్గిందా, పంపు తిప్పుతోందా, థెర్మోస్టాట్ తెరుచుకుంటోందా అన్నవి చూడాలి. రేడియేటరు రెక్కల మధ్య మట్టి, ఊక, పురుగులు ఇరుక్కుని గాలి ఆడకపోవచ్చు. ఎండాకాలాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. నీరు 90 డిగ్రీల దగ్గర, బయటి గాలి 25 దగ్గర ఉంటే తేడా 65. గాలి 42కు చేరితే తేడా 48కి పడిపోతుంది. వేడి ఎంత త్వరగా పోతుందనేది ఈ తేడాను బట్టే ఉంటుంది. కనుక మే నెలలో ఫాను ఎక్కువసేపు తిరగడంలో వింత లేదు.

ఈ సందర్భంలోనే చెప్పాలి. ‘మన ఎండలకు థెర్మోస్టాట్ ఎందుకు?’ అని దాన్ని తీసి పారేసే అలవాటు నాకు అసలు నచ్చదు. ఇంజను ఉండవలసినంత వేడికి చేరకపోతే పెట్రోలు ఎక్కువ తాగుతుంది, లోపలి భాగాలు త్వరగా అరుగుతాయి.

మెకానిక్కులను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. చప్పుడు విని బేరింగు జబ్బు చెప్పగలవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. అయితే ఆ స్విచ్చి పెట్టించుకున్న టాక్సీ రోగిని ఎక్కించుకుని కొల్లేరు దారిన ఏలూరు ఆసుపత్రికి బయలుదేరిందనుకోండి. డ్రైవరు ధ్యాసంతా రోగి మీదే ఉంటుంది. స్విచ్చి వేయడం మరచిపోతాడు. ఇంజను నీరు ఉడికిపోతుంది, సిలిండరు హెడ్డు వంగుతుంది, చెట్టు నీడైనా లేని రోడ్డు మీద బండి నిలబడిపోతుంది. ఒక రిలే ధరకు తేలిపోయే జబ్బు ఇంజను విప్పేదాకా వస్తుంది.

మీ ఇంట్లో కారు ఉంటే ఊరికే చూడండి, చెయ్యి మాత్రం పెట్టకండి. ఆగి ఉన్న ఫాను ఎప్పుడైనా తిరగవచ్చు. వేడి రేడియేటరు మూత తీస్తే పీడనం కింద ఉన్న నీరు ఒక్కసారిగా మొహం మీదికి ఎగజిమ్ముతుంది. చేయదగిన ప్రయోగం వేరే ఉంది. రేడియో విడిభాగాల కొట్లో ఒక థెర్మిస్టరు కొనండి. దాన్ని సన్నని ప్లాస్టిక్ సంచిలో చుట్టి, మీ సైన్సు మాస్టారి దగ్గర, గ్లాసుడు వేడినీటిలో థర్మామీటరుతో పాటు ఉంచండి. నీరు చల్లారుతూ ఉంటే అయిదేసి డిగ్రీలకు ఒకసారి మల్టీమీటరుతో నిరోధం కొలిచి, గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టండి. ఆ చుక్కలను కలిపితే తిన్నని గీత వస్తుందో, వంపు తిరిగిన గీత వస్తుందో ముందే ఊహించి పక్కన రాసి పెట్టుకోండి.